బీరయ్య ఎందుకు పడుకోడు

సూర్యాపేటలో మా లారీ ఆగేసరికి ఉదయం పది కావొస్తోంది. బెజవాడలో తెల్లవారకముందే బయలుదేరాం. కోదాడ దాకా నల్లరేగడి. ఆ తర్వాత ఎర్రమట్టి, గుండ్రాళ్ల గుట్టలు, తుమ్మచెట్లు. లారీ వెనక ఆరుగురం, రెండు మందుల పెట్టెలు, ఒక వైర్‌లెస్ సెట్టు. దుమ్ము పళ్ల మధ్య కరకరలాడుతోంది. హైదరాబాదులో నవాబు పాలన పోయాక వచ్చిన మొదటి చలికాలం అది. పగలు మాడు పగిలే ఎండ, పొద్దు వాలితే ఎముకలు కొరికే చలి. నా సామాను రెండు కంబళ్లు, నేల మీద పరిచే రబ్బరు గుడ్డ, ఇనుప మగ్గు, నీళ్ల సీసా, ఒక తుపాకి. ఆ తుపాకిని బర్మాలో ఒక్కసారి పేల్చాను. కుండకు తగిలింది. నేను గురి పెట్టింది కుండకు కాదు.

నేను నర్సింగు సిపాయిని. సూదులు మరగబెట్టడం, కట్లు కట్టడం నా పని. కోదాడ వాణ్ణి కాబట్టి అదనంగా ఇంకో పని అంటగట్టారు. మా కెప్టెన్ డాక్టరు తమిళుడు. ఆయనకు తెలుగులో రెండే మాటలు వచ్చు. ఒకటి "ఊపిరి", రెండోది "ఆపు". మిగతా తెలుగంతా నేనే.

మా దవాఖానా ఒక బియ్యం గోదాము. దాని షావుకారు గొడవలకు భయపడి పట్నం పోయాడు. ఎలుకలు పోలేదు. ఎంత బలిశాయంటే, మొదటి రోజే నా బూటొకటి ఎత్తుకుపోయి, కాలికి సరిపోలేదని తిరిగి తెచ్చి పెట్టాయి. ఈ ముక్క కోదాడ టీ హోటల్లో ఎవరూ నమ్మలేదు. మీరూ నమ్మనక్కర్లేదు. బీరయ్య సంగతి మాత్రం నమ్మండి. అప్పుడు నమ్మాల్సినవాళ్లు నమ్మలేదు కనుకనే ఇన్నేళ్లకు ఇది రాస్తున్నాను. ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

మా పని ఇదీ. గుట్టల్లో తిరిగే సాయుధ దళాల కోసం సైన్యం ఊళ్లు గాలించేది. అనుమానం వచ్చినవాళ్లను పట్టుకొచ్చేది. వాళ్లను మిర్యాలగూడ దగ్గరి శిబిరానికి లారీలో పంపేవారు. అక్కడ రోడ్డుకు కంకర కొట్టించేవారు. పంపేముందు ఒక్కొక్కణ్ణి మా కెప్టెన్ చూసి, పనికి పనికొస్తాడని సంతకం పెట్టాలి. పైవాళ్లకు కావలసింది సంతకం. మనిషికి రెండు నిమిషాలు ఎక్కువ అనుకునేవారు. కెప్టెన్ మాత్రం ఎంతసేపైనా కూర్చునేవాడు. ముందు చెవులు, తర్వాతే గొట్టం అనేవాడు. మనిషి చెప్పుకునేది వినకుండా ఛాతీ మీద గొట్టం పెట్టడం ఆయన దృష్టిలో దొంగతనం లాంటిది.

మాఘమాసంలో ఒక ఉదయం పెన్‌పహాడ్ వైపు ఊరి నుంచి బీరయ్యను తెచ్చారు. గొర్రెల కాపరి. నలభై దాటని మనిషి. భుజాన గొంగడి. చేతులు అతని తలగుడ్డతోనే కట్టి ఉన్నాయి. పెదవులు నేరేడుపండు తిన్నట్టు నల్లబడ్డాయి. గోదాము మెట్లు నాలుగు. రెండో మెట్టు మీద ఆగి గోడ పట్టుకున్నాడు. వెనకున్న సిపాయి తుపాకి మడమతో వీపు మీద పొడిచాడు.

మా మేజర్ అతని మీద రెండు నేరాలు చెప్పాడు. ఒకటి, గస్తీవాళ్లు వరసగా మూడు రాత్రులు దూరం నుంచి చూశారు. కొండ మీద వీడు నిటారుగా కూర్చుని ఉన్నాడు. రాత్రంతా కునుకు లేదు. కాబట్టి దళానికి కాపలా. రెండు, ఒంటి మీద కాలిన మచ్చలున్నాయి. కాబట్టి బాంబులు చుట్టే మనిషి.

"సంతకం పెట్టండి," అన్నాడు మేజర్. "లారీ మధ్యాహ్నం బయలుదేరుతుంది."

"చూసి పెడతాను," అన్నాడు కెప్టెన్.

మేజర్ బయటికెళ్లాడు. కెప్టెన్ బీరయ్యను బియ్యం బస్తాకు ఆనించి కూర్చోబెట్టమన్నాడు. తాను స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు.

"ఏం బాధ?" అని అడగమన్నాడు. అడిగాను.

"బాధ ఏందంటరేంది సారూ," అన్నాడు బీరయ్య. "చేతులు కట్టి తెచ్చిండ్రు గదా, కండ్లకు కానొస్తలేదా?"

ఉన్నదున్నట్టు చెప్పాను. కెప్టెన్ తానే లేచి కట్టు విప్పాడు. బీరయ్య మణికట్లు రుద్దుకుని, అప్పుడు మొదలుపెట్టాడు.

"దమ్మొస్తది సారూ. రెండేండ్లాయె. ముందుగాల ఉరికితే వచ్చేది. ఇప్పుడు నడిస్తెనే వస్తది."

"ఎంత దూరం నడిస్తే?"

"గది నన్నడుగుతవేంది, గొర్లనడుగు. ఇదివరకు ముందల నేను, ఎనక మంద. ఇప్పుడు అవే ముందల పోయి, మలుపు కాడ ఆగి, వస్తున్ననా లేదా అని సూస్తయ్. ఒక ముసలి పొట్టేలుంది. అదైతే ఎనక్కొచ్చి నా పక్కన నిలబడ్తది. దానికున్న తెలివి మీ పటాలపోళ్లకు లేదు."

చివరి మాట అనువదించలేదు.

"ఇంకేదో అన్నాడే?" అన్నాడు కెప్టెన్.

"పొట్టేలును పొగిడాడు సార్."

తర్వాత ఆయన ఎవరినైనా అడిగే ప్రశ్న అడిగాడు. "ఎన్ని దిండ్లు పెట్టుకుని పడుకుంటావు?" ఆ ప్రశ్నకు కారణం ఆయనే ఒకసారి నాకు చెప్పాడు. గుండె మొరాయిస్తే ఊపిరితిత్తుల్లో నీరు దిగుతుంది. వెల్లకిలా పడుకుంటే ఆ నీరు ఛాతీ అంతా పరుచుకుంటుంది. మనిషి ఎండిన నేల మీదే మునిగిపోతున్నట్టు గిలగిల్లాడతాడు. అందుకే ముందు ఒక దిండు ఎత్తు పెట్టుకుంటాడు. జబ్బు ముదిరేకొద్దీ రెండు, మూడు. దిండ్లు లెక్కపెడితే జబ్బు ఎంత ముదిరిందో తెలుస్తుంది.

బీరయ్య నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"దిండా! మా తాత నాటి నుంచి మా ఇంట్ల దిండు సూడలే. తలకింద గొంగడే."

"గొంగడి ఎన్ని మడతలు?" అన్నాను. ఇది నా సొంత ప్రశ్న.

"మడతలన్నీ అయిపోయినయ్ సారూ. ఒక మడత పెట్టిన. రెండు పెట్టిన. సుట్టగ సుట్టి పెట్టిన. ఇప్పుడు పండుకునుడే లేదు. పండుకుంటే రొమ్ము మీద ఎవడో ఎక్కి కూసున్నట్టుంటది. మూసీల ముంచి పట్టినట్టుంటది. ఇంట్లనేమో పొయ్యి పొగ. అందుకే ఊరి పక్క తిప్ప మీదికి పోయి, బండకు ఈపు ఆనిచ్చి కూసుంట. ఆడ గాలాడ్తది. కూసుంటెనే పానం నిలుస్తది."

కెప్టెన్‌కు చెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"మేజర్ చెప్పిన నేరం ఇదే," అన్నాడు. "జబ్బు కూడా ఇదే."

మేజర్ చెప్పిన కొండను తర్వాత కళ్లారా చూశాను. నాలుగు బండల తిప్ప. మేక ఒక్క గంతులో ఎక్కుతుంది. నన్ను కథలల్లేవాడని అందరూ అంటారు. ఆ తిప్పను కొండ చేసినవాడి ముందు నేనెంత?

"చిన్నప్పుడు కీళ్లు వాచి జ్వరం వచ్చిందా?" అని తర్వాతి ప్రశ్న.

బీరయ్య పంచె పైకి లాగాడు. రెండు మోకాళ్ల మీదా పాత మచ్చలు. నున్నగా, తెల్లగా, చింతగింజంత. చీలమండల దగ్గర మరికొన్ని. అవి వాతలని నాకు చూడగానే తెలిసింది. మా వైపు పిల్లలకు ఏ జబ్బు చేసినా ఇనప సీకు కాల్చి, నొప్పి ఉన్నచోట ఆనించేవారు. తగ్గితే వాత గొప్పతనం. తగ్గకపోతే ఇంకో వాత.

"గప్పుడు నేను పిల్లలను మేపే పోరన్ని," అన్నాడు. గొర్రెపిల్లలను అని. "ముందుగాల మోకాలు వాసింది. వాత పెట్టిండ్రు. గది తగ్గింది, చీలమండ పట్టుకుంది. ఈడ పెట్టిండ్రు. గది తగ్గంగనే ఇంకో కాలు."

కెప్టెన్ నేల మీద మోకాళ్లూని కూర్చుని ఆ మచ్చలను ఒక్కొక్కటే వేలితో తాకాడు. ఏది ముందు, ఏది తర్వాత అని అడిగించాడు. కీళ్ల జ్వరం ఒక కీలు వదిలి ఇంకో కీలుకు ఎలా పాకిందో వాతలు వరసగా చెబుతున్నాయి. ఆ జ్వరం కీళ్లను నాకి వదిలేస్తుందని, గుండెను మాత్రం కరుస్తుందని కెప్టెన్ అన్నాడు. కరిచిన గాయం మానేటప్పుడు గుండె లోపలి తలుపు బిగుసుకుపోతుంది. అది బయటపడడానికి ఏళ్లు పడుతుంది.

"మరి ఇవి?" ఎడమ రొమ్ము కింద ఐదు మచ్చలు. ఇంకా ఎర్రగా ఉన్నాయి. మేజర్‌కు బాంబులు కనపడింది వీటిలోనే.

"గవి మొన్న బతుకమ్మ పండుగకు పెట్టినయ్. దమ్ముకు. మా మామ పెట్టిండు, గొర్లకు పెట్టే సీకుతోనే. తగ్గలే. మామ మాత్రం మంచోడు."

ఇక పరీక్ష. కెప్టెన్ ముందు కళ్లతో చూశాడు. మెడ పక్కన నరం పొంగి కొట్టుకుంటోంది. కాలి ముందెముక మీద బొటనవేలు నొక్కి తీశాడు. గుంట అలాగే ఉండిపోయింది, తడి మట్టిలో ముద్రలా. తర్వాత నన్ను మణికట్టు పట్టుకోమన్నాడు. తాను ఛాతీ మీద గొట్టం పెట్టాడు. ఇద్దరం ఒకేసారి లెక్క మొదలుపెట్టాం. నిమిషం అయ్యాక నా లెక్క చాలా తక్కువొచ్చింది. తిడతాడనుకున్నాను.

"నీ లెక్క సరైనదే," అన్నాడు. "గుండె కొట్టిన దెబ్బలన్నీ చేతిదాకా రావడం లేదు."

అరచేయి రొమ్ము కింద పెట్టమన్నాడు. పెట్టాను. మజ్జిగ చిలికేటప్పుడు కుండను పట్టుకుంటే అరచేతికి తెలిసే అదురు ఉంటుంది చూడండి, అదే.

చివరి పరీక్షకు మనిషిని ఎడమ పక్కకు పడుకోబెట్టాలి. పుస్తకం ప్రకారం అంతే. ఆ మాట చెప్పగానే బీరయ్య నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. "పండుకోబెట్టకుండ్రి సారూ. నీ కాల్మొక్త." కెప్టెన్‌కు తర్జుమా అవసరం లేకపోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టి, బీరయ్యను నా భుజం మీదికి వంచి, ఆ వంపులోనే విన్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత గొట్టం నా చెవులకు పెట్టాడు. టప్పుమని ఒక గట్టి దెబ్బ. వెనకే దూరంగా రాళ్ల బాట మీద ఖాళీ బండి పోతున్న గుడగుడ.

"నన్నూ ఇననియ్యి," అన్నాడు బీరయ్య.

విన్నాడు. కళ్లు పెద్దవయ్యాయి.

"అబ్బో! మందను దొడ్లకు తోలినట్టే ఉంది గదా. దర్వాజ ఇరుకైంది, ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నయ్."

చెప్పాను. కెప్టెన్ మొదటిసారి నవ్వాడు. "ఇరుకు దర్వాజాయే అని చెప్పు. నా దగ్గర దాన్ని వెడల్పు చేసే మందు లేదు. గుండెను నిదానపరిచే చుక్కలున్నాయి, నీరు తీసే మందుంది. ఉప్పు మానాలి. బరువు ఎత్తకూడదు. ఎవరేం చెప్పినా వెల్లకిలా పడుకోకూడదు."

మధ్యాహ్నం మేజర్ వచ్చాడు. కెప్టెన్ సంతకం పెట్టనన్నాడు. ఇద్దరికీ మాట పెరిగింది. వాళ్ల మాటలు తెలుగులో రాస్తున్నాను.

"మూడు రాత్రులు నిద్రపోని వాడు రోగా?" అన్నాడు మేజర్.

"నిద్రపోలేకపోవడమే రోగం."

"మరి కాలిన మచ్చలు?"

అప్పటికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చొక్కా పైకెత్తాను. నా బొడ్డు చుట్టూ నాలుగు వాతలున్నాయి. చిన్నప్పుడు కడుపునొప్పికి మా అమ్మమ్మ పెట్టించినవి.

"అయితే నన్నూ లారీ ఎక్కించండి సార్," అన్నాను. "నేను చంటిపిల్లాడిగా ఉన్నప్పుడే బాంబులు చుట్టాను. దళానికి నాయకురాలు మా అమ్మమ్మ."

గుమ్మంలో ఉన్న సిపాయిలు నవ్వు ఆపుకోలేకపోయారు. నాకు వారం రోజులు కక్కుసు గుంటలు తవ్వే శిక్ష పడింది. ఆ గుంటలు ఎంత లోతు తవ్వానంటే, అడుగున భూమికి అవతలి వైపు దేశంవాళ్ల కాళ్లు కనపడ్డాయి. సరే, అది వదిలేయండి.

సంతకం లేకుండా లారీ ఎక్కించే అధికారం మేజర్‌కు లేదు. బీరయ్యను వదిలాడు. వదులుతూ ఒక ఆజ్ఞ వేశాడు. చీకటి పడ్డాక తిప్ప ఎక్కకూడదు. అందరిలాగా ఇంట్లో పడుకోవాలి. గస్తీవాళ్లు వచ్చి చూస్తారు. కూర్చుని కనపడితే మళ్లీ పట్టుకొస్తారు.

పడుకోవాలని ఆజ్ఞ! గుండె జబ్బు మనిషికి! "అది చావమనడమే," అన్నాడు కెప్టెన్. "అది చట్టం," అనేసి మేజర్ అన్నానికి వెళ్లిపోయాడు.

మా దగ్గర పాడైన లారీ ఒకటి ఉండేది. దాని డ్రైవరు సీటు వీపుభాగం ఊడదీశాను. గస్తీతో బీరయ్య ఊరికి మందు ఇవ్వడానికి వెళ్లినప్పుడు తీసుకెళ్లాను. అతని ఇంట్లో గోడకు ఆనించి, కింద రాళ్లు పెట్టి బిగించాను. బీరయ్య దానికి జారగిలబడి, కాళ్లు చాపుకున్నాడు.

"లారీల కూసున్నట్టే ఉంది," అన్నాడు. "ఇగ మిర్యాలగూడెం పోయే పనే లేదు."

అతని భార్య కొమురమ్మ గస్తీ హవల్దారుకు చెంబుతో నీళ్లిచ్చి, ఎదురుగా నిలబడింది.

"ఏందయ్యా మీ లెక్క? గా మనిషి ఒకర్ని కొట్టిండా, తిట్టిండా? కూసుని బతుకుతుండు. కూసునుడు గూడ తప్పేనా?"

"ఏమంటోంది?" అన్నాడు హవల్దారు.

"నీళ్లు చల్లగా ఉన్నాయా అంటోంది," అన్నాను.

చుక్కలు పనిచేశాయి. అలా జారగిలబడితే పడుకున్నట్టేనని మా గస్తీవాళ్లు చూసీచూడనట్టు పోయారు. నెల తిరిగేసరికి కాళ్ల వాపు దిగింది. పెదవుల నలుపు విరిగింది. పగటిపూట మందతో ఊరి చివరిదాకా పోయి వస్తున్నాడు. పొట్టేలు ఇప్పుడు వెనక్కి రావడం మానేసిందని నాతో గొప్పగా చెప్పాడు.

ఎండలు ముదిరాక మా కంపెనీకి మార్పు వచ్చింది. కొత్త కంపెనీ దిగింది. కెప్టెన్‌ను అందరికన్నా ముందు బెజవాడకు పంపించారు. పోయేముందు ఆయన బీరయ్య సంగతి కొత్తవాళ్లకు నోటితో చెప్పాడు. చాలదని వైర్‌లెస్‌లో మిర్యాలగూడ శిబిరానికి కూడా చెప్పమన్నాడు. మా వైర్‌లెస్ ఆపరేటరు కడప వాడు. నన్ను సూదోడా అని పిలిచేవాడు.

"ఏమప్పా సూదోడా, గొర్రెలాయనకు గూడా వైర్‌లెస్సా? రేపు పొట్టేలుకు గూడా పంపమంటావేమో!"

"పంపు. మన మేజర్ కన్నా దానికే బాగా అర్థమవుద్ది."

సెట్టు గీపెట్టింది. వాడు గొంతు సవరించుకున్నాడు. "మిర్యాలగూడ, మిర్యాలగూడ. సూర్యాపేట మాట్లాడుతోంది. బీరయ్య, గొర్రెల కాపరి. గుండె జబ్బు. పట్టుకొస్తే కూర్చోబెట్టాలి. పడుకోబెట్టకూడదు. ఓవర్."

అవతలి నుంచి గరగర. "అందింది. కూర్చోబెట్టాలి. పడుకోబెట్టకూడదు. ఔట్."

నా చెవులతో విన్నాను.

మమ్మల్ని సొంత ఊళ్లకు పంపేముందు మిర్యాలగూడలో ఒక చోట చేర్చారు. వేపచెట్ల కింద గుడారాలు. గాలి లేదు. మిట్టమధ్యాహ్నం కొత్త కంపెనీ లారీ ఒకటి సూర్యాపేట నుంచి వచ్చి శిబిరం గేటు ముందు ఆగింది. పైన టార్పాలిన్ బిగించి కట్టి ఉంది. నీళ్ల సీసా నింపుకోవడానికి అటు పోతున్నాను. డ్రైవరు దిగి టార్పాలిన్ విప్పాడు.

లోపల ఐదుగురిని వరసగా వెల్లకిలా పడుకోబెట్టి, చేతులూ కాళ్లూ లారీ పక్క కడ్డీలకు కట్టేశారు. పారిపోకుండా అట. చివరివాడు బీరయ్య. మేజర్ వేసిన పాత ఆజ్ఞ ప్రకారం రాత్రి గస్తీవాళ్లు తలుపు సందులోంచి చూశారట. ఊరంతా పడుకుంటే వీడొక్కడు కూర్చుని ఉన్నాడట. సంతకం పెట్టనని అడ్డుపడే కెప్టెన్ ఇప్పుడు లేడు.

కట్లు విప్పుతున్న కొత్త సిపాయి నాతో అన్నాడు. వాడికి కోపం కూడా లేదు, అలిసిపోయి ఉన్నాడు. "వీడితో చచ్చాం. కట్టేసినా దారంతా భుజాలెత్తి లేస్తూనే ఉన్నాడు. లేచినప్పుడల్లా పడుకోబెట్టాం."

నేనేం చేశానో సరిగ్గా గుర్తులేదు. వాడి గల్లా పట్టుకున్నానని, ఇద్దరు లాగేశారని తర్వాత చెప్పారు. వాళ్ల సుబేదారు వచ్చాడు. వైర్‌లెస్ మాట చెప్పాను.

"అది శిబిరానికి వచ్చిన మెసేజు," అన్నాడు సుబేదారు. "లారీకి రాలేదు."

అంతే. ఒక మనిషి చచ్చిపోతే దొరికిన జవాబు అది. అందరూ తమ పని తాము చేశారు. పడుకోబెట్టమన్నవాడు ఆజ్ఞ ఇచ్చాడు. పడుకోబెట్టినవాడు ఆజ్ఞ పాటించాడు. శిబిరంవాళ్లు కూర్చోబెట్టడానికి సిద్ధంగానే ఉన్నారు. గేటు ఇవతలే చచ్చిపోవడం బీరయ్య తప్పు!

మర్నాడు లారీలో కోదాడ చేరాను. ఇప్పుడు మందుల అంగడి పెట్టుకున్నాను. సాయంత్రాలు టీ హోటల్లో ఎలుకల కథ చెబుతాను, కక్కుసు గుంట కథ చెబుతాను. జనం నవ్వుతారు. ఆయాసమని ఎవరైనా మందుకొస్తే ముందు ఒక్కటే అడుగుతాను, ఎన్ని దిండ్లు అని. పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు.

ఆ రోజు సుబేదారు వెళ్లిపోయాక నేను లారీ ఎక్కాను. బీరయ్య కళ్లు తెరిచే ఉన్నాయి. మూతి పక్కన గులాబీ రంగు నురుగు ఎండిపోయింది. చేతులు కట్టేసి ఉన్నా, చివరిదాకా లేవాలనే చూసినట్టున్నాడు. మెడ అలాగే బిగుసుకుపోయింది. తల లారీ చెక్కకు ఆనలేదు. బెత్తెడు ఎత్తున గాలిలో ఉంది, కింద ఏమీ లేకుండా.

నా కంబళి తెచ్చి మడిచి ఆ సందులో పెట్టాను. రెండు మడతలు పట్టాయి.